ఎర్ర కారు ముందు డిక్కీ

పాత కారు ముందు డిక్కీలో పరిచిన నల్ల తివాచీ ఎత్తగానే, స్టెప్నీ టైరు చుట్టూ బ్రౌన్ టేపుతో బిగించిన నాలుగు మూటలు బయటపడ్డాయి.

షబ్రీన్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

భద్రాచలం రోడ్డు మీద తిరిగే ఎవరికైనా అలాంటి మూటలంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు. పేపర్లో ఫొటో పడుతుంది. బల్ల మీద మూటలు, వెనక నిలబడ్డ పోలీసులు, ముందు ముసుగులు వేసుకుని కూర్చున్న మనుషులు. గంజాయి.

పిలిస్తే పలికేంత దూరంలో చెక్‌పోస్టు ఉంది. అక్కడి ఎస్.ఐ. అప్పటికే కుర్చీలోంచి లేచాడు. ఫోన్ చేత్తో పట్టుకుని నవ్వుకుంటూ ఇటే వస్తున్నాడు. టీ కొట్టు ముందు ఒక ఎర్ర కారు, ఒక పొగరంగు కారు, రెండూ నేలను తాకుతున్నట్టు వంగి నిలబడి ఉంటే, సెల్ఫీ దిగకుండా ఎవరుంటారు?

"అక్కా, మూత ఇంక జర పైకి లేపు. ముందట ఇంజిన్ లేదని రెండిట్లో కనపడాలె," అంది కవిత, కెమెరా మీంచి కన్ను తీయకుండా. కవితది కొత్తగూడెం. కార్ల మీద తెలుగులో వీడియోలు చేస్తుంది, పత్రికలకు రాస్తుంది. ఈ రెండు కార్లనూ పోల్చి చూడటమే ఇవాళ ఆమె పని.

షబ్రీన్ తివాచీ వదిలేసింది. అది మూటల మీద పడింది. ఎవరూ చూడలేదు.

ఇప్పుడు మూత దించెయ్యొచ్చు. నవ్వుతూ ఎస్.ఐ. పక్కన ఫొటో దిగొచ్చు. బండి తీసి, ముందు ఏ వాగు వంతెన మీదో ఆగి, మూటలు నీళ్ళలోకి విసిరెయ్యొచ్చు.

అప్పుడే పక్క అద్దంలోంచి తండ్రి కనిపించాడు. చాంద్ పాషా కారు దిగలేదు. కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి వెనక్కి పెట్టి, సీటు వెనకున్న అద్దానికి అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఆ అద్దం అవతలే ఇంజిన్. అది చల్లారుతూ చేసే చిటపటలు వింటున్నాడు. నిద్రపోతున్న మనవడి వీపు మీద చెయ్యి వేసినట్టుంది ఆయన వాలకం.

ఈ కారులోంచి ఏదీ దొంగచాటుగా బయటికి పోకూడదు. షబ్రీన్ తేల్చుకుంది.

"సార్!" గట్టిగా పిలిచింది. "జల్దీ రండి. ఫొటో తర్వాత. నా బండిలో ఏందో ఉన్నది. నేను పెట్టింది కాదు."

ఎస్.ఐ. పగిడయ్య ముఖంలో నవ్వు పోయింది. ఫోన్ జేబులోకి పోయింది. తివాచీ ఎత్తాడు, చూశాడు, జేబులోంచి చిన్న చాకు తీశాడు.

"ఎవ్వరు కదలకుండ్రి," అన్నాడు.

* * *

ఆ చాకు దిగేలోపు ఈ రెండు కార్ల సంగతి చెప్పుకోవాలి.

రెండూ ఒకే జపాన్ కంపెనీవి. పేరు కూడా ఒకటే. మధ్యలో పాతికేళ్ళకు పైగా తేడా. రెండిట్లోనూ ఇంజిన్ ముందు ఉండదు. నడిపే మనిషి వీపు వెనక, వెనక చక్రాలకు కాస్త ముందు ఉంటుంది. బరువంతా నడుములో ఉంటుంది కాబట్టి మలుపులో బొంగరంలా తిరుగుతుంది. పాతదానిలో ముందు మూత కింద స్టెప్నీ, ఒక సంచీ పట్టేంత చోటు. కొత్తదానిలో ఆ చోటు కూడా లేదు.

పొగరంగు కారు మతీన్‌ది. ఎర్రదాన్ని అతని తండ్రి ఎప్పుడో దుబాయ్ నుంచి ఓడలో తెప్పించుకున్నాడు. ఖమ్మంలో గ్రానైట్ వ్యాపారం చేసిన మనిషి. ఆయన పోయాక అది భద్రాచలంలో వాళ్ళ గోదాములో ఉండిపోయింది. గోదావరి ఊళ్ళోకి వచ్చిన ఏడాది కప్పు దాకా మునిగింది. వరద తీశాక చూస్తే స్టీరింగ్ చక్రం కూడా బురదలో కూరుకుపోయి ఉంది. "తుక్కు కింద తీసుకపో చాచా," అన్నాడు మతీన్. కాగితాలు మాత్రం అతని పేరు మీదే ఉండిపోయాయి.

చాంద్ పాషా దాన్ని గడ్డి లారీ మీద సత్తుపల్లికి తెచ్చుకున్నాడు. అక్కడ ఆయనకు గ్యారేజీ ఉంది. షబ్రీన్ స్పానర్ల పేర్లు నేర్చుకున్నాకే అక్షరాలు నేర్చుకుంది అక్కడ. తండ్రీ కూతుళ్ళు కారును చివరి మరమేకు దాకా విప్పారు. ప్రతి గొట్టంలో ఇసుక. ప్రతి బోల్టు కింద ఇసుక. కడిగితే ఇసుక, ఊదితే ఇసుక. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అదే పని. ఇంట్లో అన్నంలో కూడా పంటి కింద ఇసుక తగులుతోందని సకీనా, అంటే షబ్రీన్ తల్లి, ఇద్దరినీ బయట పంపు దగ్గర స్నానం చేశాకే లోపలికి రానిచ్చేది.

ఇంజిన్ మళ్ళీ అందుకున్న రోజు మతీన్ ఖమ్మం నుంచి వచ్చాడు. ఆ శబ్దం వింటూ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కానీ మతీన్ మనసు కొత్త కారు మీద ఉంది. అప్పటికే పొగరంగుది కొన్నాడు.

"ఒక్క పని చేద్దాం షబ్రీన్," అన్నాడు పోయిన వారం. "నా క్వారీ దారి ఉన్నది కదా. రెండు బండ్లు దాని మీద ఉరుకుతయ్. పాతది నా దానికంటే ఐదు సెకన్ల లోపు వెనకబడితే, వచ్చే నెల తమిళనాడులో కొండదారి రేసుకు దాన్ని పంపుతా. నడిపేది నువ్వే. ఐదు దాటిందనుకో, బొంబాయిల ఒకాయన అడుగుతున్నడు. అద్దాల గదిల పెట్టుకుంటడట."

"నడపడా?"

"చూసుకుంటడు."

చాంద్ పాషాకు ఆ మాట కత్తిపోటులా తగిలింది. బతికించింది అద్దాల గది కోసమా?

క్వారీ చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉంది. ఎప్పుడో మూతపడింది. దారి మాత్రం మతీన్ సొంతం, ఎవరూ అడ్డం రారు. కింద మొదట్లోనే రామ్‌సింగ్ షెడ్డు. రామ్‌సింగ్ పక్క తండా మనిషి. ట్రాక్టర్లతో పొలాలు దమ్ము చేస్తాడు, ఆయిల్‌పామ్ గెలలు తోలతాడు. వయసులో ఉన్నప్పటి నుంచి చాంద్ పాషాకు దోస్తు. షబ్రీన్‌ను సొంత కూతురి కంటే ఎక్కువ గారాబం చేస్తాడని అతని భార్య మంగ్లి ఇప్పటికీ దెప్పుతుంది. ముందు బంపర్ల మీద సంచులు కట్టిన రెండు ట్రాక్టర్ల మధ్య నిన్న సాయంత్రం ఎర్ర కారును అతనే దగ్గరుండి పెట్టించాడు. కోళ్ళు ఎక్కకుండా పైన పరదా కప్పాడు.

అంతకుముందు షబ్రీన్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని దారంతా ఒకసారి తిప్పింది. సగం దూరంలో, దారి కింద వాన నీళ్ళు పోయే మోరీ ఒకటి ఉంది. అక్కడ దారి గూని వీపులా లేచి పడుతుంది. ఆ గూని మీద కారు ముందు భాగం ఒక్క క్షణం తేలింది.

"లేస్తుందేందే!" అని అరిచాడు రామ్‌సింగ్.

"ముందట అల్కగ ఉంటది మామా. గదే దీని మజా," అని నవ్వింది షబ్రీన్.

కారు దిగాక రామ్‌సింగ్ కాసేపు ట్రాక్టర్ చక్రం పట్టుకుని నిలబడ్డాడు. అందరూ నవ్వారు. "ట్రాక్టర్ డ్రైవర్‌కు విమానం ఎక్కిచ్చినవ్ బేటీ," అన్నాడు చాంద్ పాషా. రామ్‌సింగ్ ఒక్కడే నవ్వలేదు.

ఇవాళ పొద్దున పరుగు. ముందు మతీన్ వెళ్ళాడు. పొగరంగు కారు బయల్దేరేటప్పుడు చప్పుడే లేదు. కరెంటు మోటార్లు లాగుతాయి. తర్వాత ఇంజిన్ గర్జించి అందుకుంటుంది. దుమ్ములో చక్రం జారబోతే లోపలి కంప్యూటరే పట్టుకుంటుంది. పాతదానికంటే దాదాపు రెట్టింపు బలం. తర్వాత షబ్రీన్. పైన కవిత ఫోన్‌లో సమయం చూసి అరిచింది. "నాలుగున్నర సెకన్లు తేడా! ఐదు లోపే!"

గెలిచినట్టే. కానీ షబ్రీన్‌కు మనసులో ఏదో నలిగింది. ప్రతి మలుపులో కారు ముక్కు అరక్షణం ఆలస్యంగా తిరిగింది. ఎప్పుడూ అలా లేదు. తండ్రితో చెబితే నమ్మలేదు. టైర్లలో గాలి తక్కువేమో అనుకుంది. టైర్లు చూసింది. వెనక్కి వెళ్ళి ఇంజిన్ చూసింది. ముందు మూత ఎత్తి చూడాలని తోచలేదు. ఇంజిన్ వెనక ఉన్న బండికి ముందు చూసేదేముంటుంది?

ఆ తర్వాత గోదావరి వంతెన దగ్గర ఫొటోల కోసం బయల్దేరారు. చెక్‌పోస్టు ముందు టీకి ఆగారు.

* * *

చాకు దిగింది. టేపు చిరిగింది. లోపల యూరియా సంచి. అది కూడా చిరిగింది.

సన్నగా, తెల్లగా, ఎస్.ఐ. బూట్ల మీదికి ఇసుక కారింది.

రెండో మూట. ఇసుక. మూడోది, నాలుగోది. ఇసుక, ఇసుక.

పగిడయ్య కొంచెం తీసి వాసన చూశాడు. వేలితో రుద్దాడు. తర్వాత టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

"పానం పోయింది కదమ్మా," అన్నాడు. "ఇసుక తోలకానికి లారీలు చూసిన, ట్రాక్టర్లు చూసిన. ఇంత సోకుగ ఇంపోర్టెడ్ కారుల తోలంగ మాత్రం ఇదే చూసుడు."

టీ కొట్టు దగ్గరున్న వాళ్ళంతా గొల్లుమన్నారు. షబ్రీన్ వంగి రాలిన ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని చూసింది.

చాంద్ పాషా మాత్రం కారు దిగి వచ్చి, నేల మీది ఇసుక చూసి, నవ్వలేదు. ముఖం ఎర్రబడింది.

"ఇసుకనా?" అన్నాడు. "మళ్ళా ఇసుకనా? యా అల్లా! దీంట్లకెళ్ళి ఇసుక తీసి తీసి నా కండ్లు పోయినయ్. సూదితోని తీసిన. నోటితోని ఊది తీసిన. ఎవడు వాడు నా బండిల మళ్ళా ఇసుక పోసినోడు? దొరకనీ, వాని ముక్కుల పోస్త!"

"ఆగు చాచా," అన్నాడు మతీన్. అతని నవ్వు కూడా ఆగింది. మూటలకేసి, ముందు చక్రాలకేసి మార్చి మార్చి చూస్తున్నాడు. "పోసినోడు ఊకె పోయలేదు. ముందట బరువు పెట్టిండు. నిన్న మోరీ మీద ఈ బండి ముక్కు లేసింది. నేను చూసిన. ఇయ్యాల లేవలేదు. రోడ్డుకు అతుక్కుని పోయింది. ఎందుకనుకున్న. ఇగో, గిందుకు."

"ఏం అంటున్నవ్ మతీన్ భాయ్?" అంది షబ్రీన్.

"నేనేమంటున్ననో నీకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు ఉరికిద్దామనుకున్నం. నువ్వు రేసు గుర్రానికి పెట్టినట్టు మందు పెట్టి ఉరికిచ్చినవ్."

"నేను పెట్టలే."

"అయితే చాచా పెట్టిండు."

"అబ్బానా?" షబ్రీన్ గొంతు లేచింది. "దీంట్లకెళ్ళి ఒక్కొక్క ఇసుక రేణువు ఏరినాయన తన చేత్తోని నాలుగు మూటలు పెడ్తడా? ఇప్పుడే కదా విన్నవ్, ఆయనకు ఇసుక అంటే ఏంటిదో!"

మతీన్ చాంద్ పాషా వైపు తిరిగాడు. ఆ మాట కాదనడం కష్టం. చాంద్ పాషా అప్పటికే ముందుకు వంగి, చేతి రుమాలుతో డిక్కీ మూలల్లో రాలిన ఇసుకను ఏరుతున్నాడు.

కవిత కెమెరా కిందికి దించింది. "అక్కా, నేను దాచలేను. నాలుగున్నర సెకన్లని రాస్తే, మూటలు దొరికినయని గూడ రాయాలె. చదివినోళ్ళు మోసం అంటరు. రేసు నడిపేటోళ్ళు గూడ చదువుతరు."

అదీ అసలు దెబ్బ. ఆ రేసుల ప్రపంచం చిన్నది. ఒక్కసారి మోసగత్తె అని పేరు పడితే, ఇంకెవరూ ఆమె చేతికి స్టీరింగ్ ఇవ్వరు. కారు అద్దాల గదికి పోతుంది. ఆమె గ్యారేజీలో ఆటోలకు ఆయిల్ మారుస్తూ ఉండిపోతుంది. అది తప్పు పని కాదు. కానీ అందుకోసం ఆమె ఈ కారును బురదలోంచి ఎత్తలేదు.

"రాయి," అంది షబ్రీన్. "మొత్తం రాయి. కానీ ఇప్పుడే కాదు. మళ్ళ క్వారీకి పోదాం. మూటలు లేకుంట ఉరికిస్త. ఐదు దాటిందనుకో, నేనే నడుపుకుంట బొంబాయికి తీస్కపోయి అప్పజెప్పొస్త."

మతీన్ ఆలోచించాడు. పొగరున్న మనిషే కానీ, అన్యాయం చేసేవాడు కాదు.

"సరే. నేను గూడ మళ్ళ ఉరుకుత. కానీ ఇంకో మాట. మూటలు పెట్టింది ఎవరో తేలాలె. తేలకుంటే, రెండు సెకన్లల వచ్చినా సరే, ఈ బండి నా పేరు మీద రేసుకు పోదు. మా నాయిన బండి ఇది. దొంగ బండి అనిపిచ్చుకోనియ్య."

పగిడయ్య చాకు మడిచాడు. "మూటలు మీరే తీస్కపోండ్రి. సాక్ష్యం కావాలె కదా," అన్నాడు. ఆగి, కాస్త మొహమాటంగా ఫోన్ తీశాడు. "అమ్మా... ఫొటో?"

ముగ్గురూ దిగారు. షబ్రీన్, ఎస్.ఐ., ఎర్ర కారు.

* * *

చిరిగిన మూటలను కవిత తన చిన్న కారు వెనక సీట్లో వేసుకుంది. చండ్రుగొండ దాటాక చాంద్ పాషా అన్నాడు. "ముక్కు ఆలస్యంగ తిరుగుతుందంటివి కదా పొద్దున. నేను నమ్మలే. నీ చెయ్యి బాగలేదనుకున్న."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నమ్మిన. నీ చేతికి తెలిసింది. నాకు తెల్వలే."

చాంద్ పాషా నోటి నుంచి అలాంటి మాట రావడం షబ్రీన్ ఎన్నడూ వినలేదు. రోడ్డు మీద చూపు నిలపడానికి కష్టపడింది.

రామ్‌సింగ్ షెడ్డు ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మంగ్లి అందరికీ వండిన జొన్నరొట్టెలు, కోడికూర మూతపెట్టి ఉన్నాయి. "జల్దీ వచ్చిండ్రేంది? గోదారి ఎండిపోయిందా?" అంటూ లేచాడు.

కవిత వెనక తలుపు తీసింది. బ్రౌన్ టేపు మూటలు కనిపించాయి. రామ్‌సింగ్ మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు.

"దొంగ ఎవడో దీంట్ల ఇసుక మూటలు పెట్టిండు," అన్నాడు మతీన్. "పోలీసులకు దొరికినం. గంజాయి అనుకున్నరు. ఇజ్జత్ పోయేది. ఎవడో తెలిస్తే వాని సంగతి..."

షబ్రీన్ మతీన్‌ను చూడటం లేదు. షెడ్డులోకి చూస్తోంది. ట్రాక్టర్ల ముందు బంపర్ల మీద ఇసుక నింపిన యూరియా సంచులు. ఒక్కో బంపర్ మీద నాలుగు. పొద్దున్నుంచి ఎన్నిసార్లు వాటి పక్క నుంచి నడిచిందో. ఆమె తల తిప్పి రామ్‌సింగ్ కళ్ళలోకి చూసింది. అతను చూపు దించుకున్నాడు.

షబ్రీన్‌కు అర్థమైంది. ఆ మాట ఆమె నోటితో రావాల్సింది కాదు.

"ముందు ఉరుకుదాం," అంది. "మిగతాది తర్వాత."

రామ్‌సింగ్ భుజం మీది తువ్వాలు తలకు చుట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా, దారి వెంట పైకి నడవడం మొదలుపెట్టాడు.

* * *

మతీన్ ఈసారి ఇంకా బాగా నడిపాడు. దారి అలవాటైంది. పొగరంగు కారు మలుపుల్లో ఎక్కడా తొణకలేదు. చాంద్ పాషా కూడా తల ఊపాడు. "అబద్ధం ఎందుకు, పులి లెక్క పోతుంది," అన్నాడు. పొద్దుటికంటే తక్కువ సమయంలో పైకి చేరింది. అంటే షబ్రీన్ పని ఇంకా కష్టమైంది.

ఆమె బెల్టు పెట్టుకుంది. కీ తిప్పింది. వీపు వెనక, ఒక జానెడు దూరంలో, ఇంజిన్ మేలుకుంది.

కొత్తదానిలో ఆమె ఒకసారి కూర్చుంది. అందులో తెరలున్నాయి, బొమ్మలున్నాయి. చక్రం జారితే నీకు తెలిసేలోపే సర్దేస్తుంది. ఇందులో అదేమీ లేదు. గేరు చేత్తో వెయ్యాలి. స్టీరింగ్ బరువు భుజాలతో మోయాలి. చక్రం కింద చిన్న కంకర పడినా అరచేతికి తెలుస్తుంది. తప్పు చేస్తే సర్దేవాళ్ళు లేరు.

క్లచ్ వదిలింది.

మొదటి మలుపులోనే తెలిసింది. ముక్కు తిరిగింది. చెయ్యి అనుకున్న క్షణంలోనే తిరిగింది. పొద్దున బరువు మోస్తూ తల వంచుకుని నడిచిన కారు ఇప్పుడు తల ఎత్తింది. రెండో గేరు. మూడో గేరు. ఇంజిన్ గొంతు పైకి, ఇంకా పైకి. ఎడమ వైపు టేకు చెట్లు ఒక్క గోడగా కలిసిపోయాయి. మలుపు. బ్రేకు. వెనక భాగం ఒక్క వెంట్రుకంత జరిగింది. ఆమె అంతే వెంట్రుకంత స్టీరింగ్ విప్పింది. కారు మళ్ళీ గీత మీదికి వచ్చింది.

మోరీ.

దాని పక్కన, దారికి అవతల, గట్టు మీద రామ్‌సింగ్ నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ తల మీద. నోరు తెరిచి ఉంది. కేకేస్తున్నాడేమో, వినపడలేదు.

షబ్రీన్ కాలు తీయలేదు.

గూని మీద కారు ముక్కు లేచింది. స్టీరింగ్ ఒక్కసారి ఈకలా తేలిపోయింది. ఆమె దాన్ని తిప్పలేదు, బిగించలేదు. నిటారుగా పట్టుకుని ఉంచింది. ఒక్క ఊపిరి. ముందు చక్రాలు తిన్నగా, మెత్తగా నేలకు దిగాయి, కారు ఏమీ జరగనట్టు ముందుకు దూకింది. అద్దంలో రామ్‌సింగ్ చేతులు తల మీంచి కిందికి దిగడం కనిపించింది.

పైన కవిత ఫోన్ చూసింది. మళ్ళీ చూసింది.

"రెండు," అంది. "రెండే సెకన్లు. మతీన్ సార్ ఇంకా జోరుగ పోయిండు కదా... అయినా రెండే."

మతీన్ ఎర్ర కారు దగ్గరికి వచ్చి, దాని కప్పు మీద అరచెయ్యి పెట్టాడు. అది వేడిగా ఉంది. తీయలేదు. "నాలుగు మూటలు మోసుకుంట పొద్దున నాలుగున్నర," అన్నాడు మెల్లగా. "మందు పెట్టి ఉరికిచ్చినవంటిని. మందు కాదు అది. మెడకు కట్టిన బండ."

"గా మాట గూడ రాస్తున్న," అంది కవిత.

"రాయి." మతీన్ నిటారుగా నిలబడ్డాడు. "కానీ నా రెండో మాట అట్లనే ఉన్నది. ఆ మూటలు పెట్టింది ఎవరు?"

చాంద్ పాషా కూతురి వైపు చూశాడు. షబ్రీన్ దారి వైపు చూసింది. మోరీ మలుపు దాటి, రొప్పుతూ, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ రామ్‌సింగ్ పైకి వస్తున్నాడు. వచ్చి, అందరి మధ్యా నిలబడి, ఊపిరి తిప్పుకున్నాడు.

"నేనే పెట్టిన," అన్నాడు. "ఇంకెవల్ని అడగకు మతీన్ సాబ్. పాషా భాయ్‌ని అస్సలు అడగకు. పొద్దుగాల తెల్లారంగనే, మీరు చాయ తాగుతుంటే, పరదా తీసి నేనే పెట్టిన. నిన్న ఈ బిడ్డ నన్ను తిప్పింది కదా. మోరీ మీద ముందట లేసింది. ఇది నవ్వింది. నాకు పానం ఆగింది. మా తమ్ముడు రూప్‌సింగ్‌ను మీరెవ్వరు చూడలే, ఒక్క పాషా భాయ్ చూసిండు. దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ ముందట లేసింది. లేసినోడు మళ్ళ దిగలే, బండి ఎనుకకు బోల్తపడి వాని మీద పడ్డది. గప్పటికెళ్ళి నా బండ్ల ముందట మూటలు లేకుంట పొలంల దిగనియ్య. ముందట లేసే బండి అంటే నాకు గదొక్కటే తెలుసు. ఇంజిన్ యాడుంటదో, బరువు యాడుండాలెనో నాకేమెరుక? బరువు పెడితే బిడ్డ బతుకుతది అనుకున్న, పెట్టిన. టేపు ఎందుకు చుట్టిన అంటే, పాషా భాయ్, నువ్వు కసరుకోకు, ఇసుక ఒక్క రేణువు రాలినా నువ్వు నన్ను సంపుతవని. గంజాయి లెక్క కనపడతదని నా బుర్రకు తట్టలే. పోలీసుల దాక పోయిందంటే నా తల తీసినట్టయింది. షెడ్డు కాడనే చెప్పేటోణ్ణి. కానీ మూటలు లేకుంట అది మోరీ ఎట్ల దాటుతదో నా కండ్లతోని చూడాలె అనుకున్న. అడ్డం పడి ఆపుదామని గూడ అనుకున్న. ఆపలే. చూసిన. లేసింది, దిగింది. గట్ల దింపినోళ్ళను నేను నా బతుకుల చూడలే. కవితమ్మా, నా పేరు రాసుకో, చండ్రుగొండ రామ్‌సింగ్ పెట్టిండని రాయి. నాకేం సిగ్గు లేదు. మతీన్ సాబ్, నువ్వు నవ్వుతున్నవ్, అంటే పంపుతున్నట్టే కదా? పంపు. నేను గూడ పోత, పోయి గా కొండ కింద నిలబడి మా బిడ్డ అని చెప్పుకుంట. కానీ ఒక్కటి. నా ట్రాక్టర్ మీది మూటలు మాత్రం ఎవ్వరు ముట్టద్దు, అది షబ్రీన్ నడిపే బండి కాదు."